గంజిలో పోయేదెంత, అన్నంలో మిగిలేదెంత

నాటు పడి నెల దాటిన పొలంలోకి దిగితే కాలు మడమ దాకా కూరుకుపోతుంది. తీస్తుంటే బురదలోంచి బుడగలు లేస్తాయి, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. పరకాల, జమ్మికుంట, మంథని, ఎక్కడి రైతుకైనా ఆ వాసన తెలుసు. ఆ మట్టిలో గాలి ఆడటం లేదనడానికి అది గుర్తు. బియ్యంలోకి ఆర్సెనిక్ ఎట్లా వస్తుందన్న కథ మొదలయ్యేది అక్కడే. కల్తీ చేసే మిల్లులో కాదు, చాలావరకు ఫ్యాక్టరీ గొట్టం దగ్గర కూడా కాదు.

ఆర్సెనిక్ మనకు కొత్త పదార్థమేమీ కాదు. పాషాణం అని పాతకాలం నుంచి పిలుచుకున్నది దీన్నే. వైద్యులు శుద్ధి చేసి వాడిన తాళకం, మణిశిల రెండూ ఆర్సెనిక్ ఖనిజాలే. ఇది రాళ్ళలో ఉంటుంది, రాళ్ళు అరిగి ఏర్పడిన మట్టిలోనూ ఎంతో కొంత ఉంటుంది. అదే మట్టిలో జొన్న పండుతుంది, మక్క పండుతుంది, పత్తి పండుతుంది. వాటితో రాని పేచీ వరితోనే వస్తుంది. గోధుమతో పోలిస్తే వరి తన గింజలోకి దాదాపు పది రెట్లు ఎక్కువ ఆర్సెనిక్ తీసుకోగలదు. తప్పు వరిది కాదు, దాన్ని నీళ్ళలో నిలబెట్టి పండించే పద్ధతిది.

మన చెలక నేల ఎర్రగా ఎందుకుంటుందో తెలిస్తే ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. ఆ ఎరుపు ఇనుప తుప్పుది. మట్టి ఆరి ఉన్నంత కాలం ఆ తుప్పు ఆర్సెనిక్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది, వేళ్ళకు అందనీయదు. దమ్ము చేసి నీళ్ళు నిలబెట్టగానే మట్టిలోకి గాలి పోవడం ఆగిపోతుంది. అందులోని సూక్ష్మజీవులు ఊపిరి కోసం ఆక్సిజన్‌కు బదులు ఆ తుప్పును వాడుకోవడం మొదలుపెడతాయి. తుప్పు కరుగుతుంది, అది పట్టుకున్న ఆర్సెనిక్ నీళ్ళలోకి జారుతుంది. జారడమే కాదు, రూపం కూడా మార్చుకుంటుంది. ఆర్సెనేట్‌గా ఉన్నది ఆర్సెనైట్ అవుతుంది. ఈ రెండో రూపం ఎక్కువగా కదులుతుంది, విషం కూడా ఎక్కువే.

ఇక వేరు సంగతి. వరి ఆకు అంచు చేతికి తగిలితే కోసుకుపోతుంది కదా, దానికి కారణం సిలికా. ఇంత సిలికాను పీల్చే పంటలు చాలా తక్కువ. ఊక కాల్చిన బూడిదలో నూటికి ఎనభై తొంభై పాళ్ళు సిలికాయే ఉంటుంది. దీన్ని మట్టిలోంచి లాక్కోవడానికి వరి వేళ్ళలో ప్రత్యేకమైన దారులున్నాయి. బురదలో కరిగిన ఆర్సెనైట్ ఆకారంలో సిలికా పోలికతో ఉండటం వల్ల అదే దారిలోంచి లోపలికి దూరుతుందని జపాన్‌లోని ఒకాయామా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2008లో చూపించారు. అంటే పురుగులను, తెగుళ్ళను తట్టుకోవడానికి వరి తెచ్చుకునే కవచమే దాని బలహీనత కూడా అయింది.

గింజలోకి చేరిన ఆర్సెనిక్ అంతా ఒకటి కాదు. కర్బనంతో కలిసిన రూపం ఒకటి, కలవని అకర్బన రూపం ఒకటి. భయపడాల్సింది ముఖ్యంగా రెండోదానికి. అకర్బన ఆర్సెనిక్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైనవాటిలో. చర్మం, ఊపిరితిత్తులు, మూత్రాశయం దీనికి గురయ్యే చోట్లు. మోతాదు ఎక్కువైతే ఏళ్ళ తర్వాత ఒంటిమీద వాన చినుకులు పడ్డట్టు మచ్చలు వస్తాయి, అరచేతులు అరికాళ్ళలో కాయలు కాస్తాయి. బియ్యంలో ఉండే మోతాదుకు ఇట్లాంటి లక్షణాలు కనబడవు. తిన్న రోజు కడుపునొప్పి రాదు, వాంతి కాదు. అన్నం రుచి మారదు, రంగు మారదు. అందుకే ఇది వార్త కాదు. 2017లో ప్లాస్టిక్ బియ్యం అంటూ హైదరాబాద్ నుంచి పల్లెల దాకా ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుండే ఉంటుంది. అన్నం ముద్ద చేసి గోడకు కొట్టి, బంతిలా ఎగిరిందని వీడియోలు తిప్పారు. తర్వాత రేషన్ బియ్యంలో విటమిన్ల కోసం కలిపే బలవర్ధక గింజలు నీళ్ళలో తేలితే వాటినీ ప్లాస్టిక్ అన్నారు. కంటికి కనబడిందనుకున్న, అసలు లేని విషం మీద అంత గొడవ జరిగింది.

ఆర్సెనిక్ అనగానే గుర్తొచ్చేది బెంగాల్. 1983లో కలకత్తాలో చర్మవ్యాధుల డాక్టర్ కె.సి. సాహా దగ్గరికి పల్లెల నుంచి ఒంటినిండా మచ్చలతో రోగులు వచ్చారు. కారణం వెతికితే చేతిపంపుల నీళ్ళని తేలింది. చెరువు నీళ్ళు తాగితే విరేచనాలు, కలరా వస్తున్నాయని పక్కనున్న బంగ్లాదేశ్‌లో లక్షల సంఖ్యలో గొట్టపు బావులు వేయించారు. హిమాలయాల నుంచి కొట్టుకొచ్చిన కొత్త ఒండ్రుమట్టి అడుగున ఆర్సెనిక్ కరిగి ఉందని అప్పుడెవరూ చూడలేదు. అవే బావుల నీళ్ళను ఎండాకాలం వరికి పెట్టడంతో ఏటా మరికొంత పొలాల్లో పేరుకుంది. అక్కడి మనిషికి అది తాగే నీళ్ళలోనూ వస్తుంది, అన్నంలోనూ వస్తుంది, ఆ అన్నం వండే నీళ్ళలోనూ వస్తుంది.

వరంగల్, కరీంనగర్ నేల అట్లాంటిది కాదు. ఈ జిల్లాల్లో ఎక్కువచోట్ల కింద ఉన్నది చాలా పాతకాలపు గ్రానైట్ రాయి. ఇది బోరు నీళ్ళలోకి వదిలేది ఫ్లోరైడ్. ఆ కష్టం ఏమిటో నల్లగొండకు తెలుసు, జనగామ వైపు ఊళ్ళకూ తెలుసు. పైగా మిషన్ భగీరథ వచ్చాక తాగే నీళ్ళు ఎక్కువగా గోదావరి, కృష్ణల నుంచి శుద్ధయి వస్తున్నవే. కాబట్టి బెంగాల్ ఫొటోలు చూపించి ఇక్కడి వాళ్ళను భయపెట్టడం అన్యాయం. అయితే ఇంకో మాట కూడా చెప్పాలి. నీళ్ళలో లేనప్పుడు ఆర్సెనిక్ మనిషికి చేరే ముఖ్యమైన దారి అన్నమే అవుతుంది. అందుకే ఇక్కడ బియ్యం గురించి ప్రత్యేకంగా మాట్లాడుకోవాలి.

ప్రపంచంలో ఎవరి బియ్యంలో ఎంత ఉందన్న కొలతలున్నాయి. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ మెహార్గ్ బృందం పది దేశాల తెల్ల బియ్యాన్ని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించింది. కిలోకు మొత్తం ఆర్సెనిక్ మధ్యస్థ విలువ ఈజిప్టులో 0.04 మిల్లీగ్రాములు, మన దేశంలో 0.07, అమెరికాలో 0.25, ఫ్రాన్స్‌లో 0.28. మనది తక్కువవాటిలో ఉంది. అమెరికాలో ఎక్కువ ఉండటానికి ఒక కారణం పత్తి. అక్కడి దక్షిణ రాష్ట్రాల్లో ఒకప్పుడు పత్తి చేలల్లో ఆర్సెనిక్ మందులు కొట్టారు, తర్వాత అవే నేలల్లో వరి వేశారు. కొన్నిచోట్ల వెన్ను బరువుతో వంగాల్సింది పోయి తాలుగింజలతో నిటారుగా నిలబడే జబ్బు కూడా వచ్చింది. పత్తి చెలకలు వరి పొలాలుగా మారిన వరంగల్‌లో ఈ మాట వింటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ 1997-98లో ఇక్కడి పత్తి రైతుల బతుకులు తలకిందులు చేసిన మందులు వేరే జాతివి, ఆర్సెనిక్ మందులు కావు. అవి చేసిన కీడు అవి చేశాయి, ఇది మాత్రం వాటి ఖాతాలో పడదు.

అసలు చిక్కు పరిమితుల దగ్గర ఉంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల కోడెక్స్ సంస్థ 2014లో తెల్ల బియ్యానికి కిలోకు 0.2 మిల్లీగ్రాముల అకర్బన ఆర్సెనిక్ అని గీత గీసింది. తవుడు తీయని ముడిబియ్యానికి 2016లో 0.35 అంది. యూరప్ 2023లో తెల్ల బియ్యానికి 0.15కు దించింది. పసిపిల్లల ఆహారానికి వాడే బియ్యానికైతే 0.10. ఈ గీతకు లోపలుంటే బియ్యం అమ్ముకోవచ్చు. అయితే ఈ అంకె కిలో బియ్యానికి చెప్పింది, మనిషికి కాదు. సగటున ఏడాదికి పది కిలోలు కూడా తినని యూరప్ మనిషికీ, మూడు పూటలా అన్నం తినే భూపాలపల్లి కూలీకీ ఒకటే గీత.

లెక్క వేసి చూద్దాం. రోజుకు 400 గ్రాముల బియ్యం వండుకు తినే మనిషిని తీసుకుందాం. రేషన్ కార్డు మీద మనిషికి నెలకు వచ్చే ఆరు కిలోలే రోజుకు 200 గ్రాములవుతాయి కాబట్టి కష్టం చేసేవాళ్ళకు 400 పెద్ద లెక్క కాదు. బియ్యం సరిగ్గా కోడెక్స్ గీత దగ్గర ఉంటే ఆ మనిషి ఒంట్లోకి రోజుకు 80 మైక్రోగ్రాములు పోతుంది. తాగే నీళ్ళకు ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన భారతీయ ప్రమాణాలు పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంటే హద్దు మీదున్న నీళ్ళు రోజుకు ఎనిమిది లీటర్లు తాగినదానితో సమానం. అంత దూరం పోకుండా మన దేశపు 0.07నే తీసుకుని, అదంతా అకర్బనమే అనుకున్నా 28 మైక్రోగ్రాములు, దాదాపు మూడు లీటర్ల లెక్క. నీళ్ళ విషయంలో అంత పట్టుదలగా ఉన్నవాళ్ళు బియ్యం విషయంలో ఇంత చేతులు వదిలేయడం వింతగానే ఉంటుంది.

ఆ 28 ఎక్కువా తక్కువా? ఇక్కడ నిపుణుల సంఘాలే ఒక్క మాట మీద లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి సంఘం 2010లో వేసిన అంచనా ప్రకారం క్యాన్సర్ ముప్పు స్వల్పంగా పెరగడం కనబడేది శరీర బరువులో కిలోకు రోజుకు 3 మైక్రోగ్రాముల దగ్గర. అరవై కిలోల మనిషికి 180. దానితో చూస్తే 28 చాలా కిందనే ఉంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2024 జనవరిలో కొత్త ఆధారాలతో ఆ అంకెను 0.06కు తెచ్చింది. అరవై కిలోల మనిషికి అది 3.6 మైక్రోగ్రాములు. దీనితో చూస్తే మన పళ్ళెం ఎప్పుడో దాటేసింది. ఈ రెండు అంకెల మధ్య యాభై రెట్ల తేడా ఉంది. వీటిని ఇంత తింటే జబ్బు, తినకపోతే క్షేమం అన్నట్టు చదవకూడదు. లక్షల మంది జీవితకాలం తింటే కొద్దిమందిలో ముప్పు ఎంత పెరుగుతుందన్న అంచనా ఇది. ఒక మనిషికి చిన్న విషయమే. కానీ రాష్ట్రమంతా రోజూ తినే పదార్థం విషయంలో చిన్నదని వదిలేయడానికి లేదు.

పిల్లల లెక్క వేరు. పది కిలోల బిడ్డ రోజుకు 100 గ్రాముల బియ్యం తింటే, అదే 0.07 చొప్పున, ఒంటి బరువుకు పెద్దవాళ్ళకంటే సగం ఎక్కువ అందుతుంది. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2020లో పసిపిల్లల బియ్యపు ఆహారానికి మాత్రమే ప్రత్యేకంగా హద్దు పెట్టడానికి కారణం ఇదే. అన్నప్రాసన నుంచి బియ్యపు ఉగ్గు మీదే నడిపించే ఇళ్ళలో ఒక పూట పెసరపప్పో, గోధుమ రవ్వో, తైదల జావో కలిపితే సరిపోతుంది. అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతం గోధుమ, శనగపప్పు, పాలపొడులతో చేసింది కాబట్టి ఈ కోణంలో దానికి పేచీ లేదు.

ముడిబియ్యం మీద ఈమధ్య మోజు పెరిగింది, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళలో. పీచు, విటమిన్ల మాట నిజమే. అయితే గింజలో ఆర్సెనిక్ ఎక్కువగా చేరేది పై పొరలోనే, తవుడుగా పోయే భాగంలో. తెల్ల గింజలో కంటే తవుడులో పది రెట్లకు మించి ఉంటుందని కొలిచారు. కోడెక్స్ ముడిబియ్యానికి ఎక్కువ హద్దు ఇవ్వడం ఆరోగ్యం కోసం కాదు, అంతకంటే తగ్గించలేక. అప్పుడప్పుడు తినేవాళ్ళు దీనికి కంగారుపడక్కర్లేదు. మూడు పూటలూ అదే తినేవాళ్ళు మధ్యలో జొన్నరొట్టె పెట్టుకోవడం మంచిది.

యాసంగి బియ్యానికి దీనితో ఇంకో ముడి ఉంది. ఇక్కడ ఎండలు నలభై డిగ్రీలు దాటే రోజుల్లో కోసే ధాన్యం మిల్లులో పచ్చిగా ఆడిస్తే నూకవుతుంది. అందుకే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. 2021-22లో కేంద్రం ఆ బియ్యం తీసుకోనంటే రాష్ట్రంలో ఎంత రాజకీయం నడిచిందో తెలిసిందే. ఆవిరి పట్టినప్పుడు పై పొరలోని బి విటమిన్లు గింజలోకి ఇంకుతాయి, ఉప్పుడు బియ్యానికి ఉన్న మంచిపేరు అదే. ఆర్సెనిక్ కూడా కొంత అదే దారి పడుతుంది. యూరప్ ఉప్పుడు బియ్యానికి 0.25 అని తెల్ల బియ్యం కంటే సడలింపు ఇచ్చింది అందుకే. ఇక నానబెట్టే నీళ్ళు ఏ బోరువి, అందులో ఏముందన్నది మిల్లు మిల్లుకూ తేలాల్సిన విషయం.

వంటింట్లో చేయగలిగినది మాత్రం ఒకటి గట్టిగా ఉంది, అది మన పాత పద్ధతే. ఎసరు పెట్టి, ఉడికాక గంజి వార్చడం. అకర్బన ఆర్సెనిక్ నీళ్ళలో కరుగుతుంది కాబట్టి బియ్యానికి ఆరు రెట్ల నీళ్ళలో ఉడికించి వారిస్తే దాదాపు సగం గంజితో పోతుంది. కుక్కర్‌లో ఒకటికి రెండు నీళ్ళు పోసి అత్తెసరు పెడితే పోయేదేమీ లేదు, మొత్తం అన్నంలోనే ఇగిరిపోతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2020లో ఇంకో పద్ధతి పరీక్షించింది. మరుగుతున్న నీళ్ళలో బియ్యం అయిదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పోసి సన్నమంట మీద వండటం. తెల్ల బియ్యంలో 73 శాతం, ముడిబియ్యంలో 54 శాతం పోయిందని తేలింది. గ్యాస్, నీళ్ళు రెండూ కొంచెం ఎక్కువవుతాయి. కడగడం వల్ల కొంత పోతుంది గానీ అది ఎక్కువేమీ కాదు.

గంజి వార్చడానికి ఒక నష్టముంది, దాన్ని దాచిపెట్టి సలహా ఇవ్వడం సరికాదు. తెల్లగా పాలిష్ చేసిన బియ్యాన్ని వండి వారిస్తే మిగిలిన కాస్త బి1 విటమిన్ కూడా పోతుంది. వందేళ్ళ కింద కోస్తా తెలుగు జిల్లాల్లో, ఆ విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు ఊళ్ళకు ఊళ్ళను పట్టడానికి మరబియ్యమే పెద్ద కారణం. దాని మీద పనిచేసిన కూనూర్ పోషకాహార పరిశోధనాలయమే తర్వాత హైదరాబాద్‌కు మారి ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ రోజుల్లో అన్నంతో పాటు తినేది పచ్చిమిర్చి, ఉప్పు. ఇప్పుడు పప్పు, గుడ్డు, కూర తినే ఇంట్లో ఆ భయం తక్కువ. అవి సరిగ్గా అందని ఇంట్లో గంజి పారబోయమనడం ఒక ముప్పు తీసి ఇంకో ముప్పు పెట్టడమే అవుతుంది. వార్చిన గంజి కుడితిలో పోస్తే బర్రె పాలలోకి వస్తుందా అని కొందరికి అనుమానం. పశువు ఒంట్లోంచి పాలలోకి దిగే ఆర్సెనిక్ చాలా తక్కువ.

దీనికంటే సులువైనది పళ్ళెంలో అన్నం వాటా తగ్గించడం. వరి ఇంతగా లేని రోజుల్లో ఈ ప్రాంతమంతా జొన్న గట్క, మక్క గట్క, తైదల అంబలి మీద బతికింది. నీళ్ళు నిలవని చేలల్లో పండే ఈ గింజల్లో ఆర్సెనిక్ చాలా తక్కువ. 2024 వానాకాలంలో ప్రభుత్వ లెక్క ప్రకారం రాష్ట్రంలో 153 లక్షల టన్నుల ధాన్యం పండింది. అంత వరి పండే చోట గట్క తినమంటే వెనక్కి పొమ్మన్నట్టు వినబడుతుందేమో గానీ, వారానికి మూడు నాలుగు పూటలైనా లెక్కలో తేడా తెస్తుంది.

పొలం దగ్గర పరిష్కారం నీళ్ళను అప్పుడప్పుడు ఆరనివ్వడమే. దుబ్బుల మధ్య ఒక చిల్లుల గొట్టం పాతి, నీళ్ళు మట్టి మట్టానికి జానెడు కంటే తక్కువ, 15 సెంటీమీటర్ల లోతుకు దిగేదాకా ఆగి మళ్ళీ పెట్టాలి. పూత వారంలో మాత్రం నీళ్ళు తగ్గకూడదు. గాలి ఆడితే తుప్పు మళ్ళీ గట్టిపడి ఆర్సెనిక్‌ను పట్టేస్తుంది. నీళ్ళు పాతిక ముప్పై శాతం దాకా ఆదా అవుతాయి, మీథేన్ కూడా సగం తగ్గుతుంది. కాకతీయ కాలువ కింద వారబందీలో, అంటే వంతులవారీగా, నీళ్ళు తీసుకునే రైతు చాలాసార్లు తనకు తెలియకుండానే ఇది చేస్తున్నాడు. చేయనిది బోరు రైతే. 2018 నుంచి 24 గంటల ఉచిత కరెంటు, పైన ఆటోస్టార్టర్ ఉన్నాక మోటారు ఎప్పుడు నడుస్తుందో, ఎప్పుడు ఆగుతుందో అతనికే తెలియదు, పొలం ఏడాదిలో ఎనిమిది నెలలు నిండే ఉంటుంది.

మరీ ఎక్కువ ఆరబెట్టినా చిక్కే. గాలి తగిలిన మట్టిలో ఆర్సెనిక్ తగ్గుతుంది గానీ క్యాడ్మియం అనే ఇంకో విష లోహం కదలడం మొదలవుతుంది. జపాన్‌లో జింజూ నది ఒడ్డు ఊళ్ళను ఇటాయ్-ఇటాయ్ అనే ఎముకల జబ్బు పీడించిన తర్వాత, క్యాడ్మియం గింజలోకి పోకుండా పొట్ట, ఈనిక దశల్లో మళ్ళు నింపి ఉంచమని రైతులకు చెప్పారు. అట్లా నింపితే ఆర్సెనిక్ పెరిగింది. అందుకే ఎక్కడి మట్టిలో ఏది ఉందో కొలవకుండా అందరికీ ఒకటే సలహా ఇస్తే కుదరదు. సిలికా దారి ఇంతకంటే సాఫీగా ఉంది. మట్టిలో సిలికా దండిగా ఉంటే వేరు దాన్నే తీసుకుంటుంది, ఆర్సెనైట్‌కు పోటీ ఎక్కువవుతుంది. సుల్తానాబాద్ మిల్లుల చుట్టూ ఊక బూడిద గుట్టలుగా పడి ఉంటుంది, దుమ్ము లేస్తోందని పక్క ఊళ్ళ గొడవ. ఆ బూడిదను పొలానికి మళ్ళించడం మీద ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రాలు పనిచేయడం తగినది. ఉల్లికోడును తట్టుకునే రకాలకు వరంగల్ కేంద్రానికి, సన్నాలకు జగిత్యాల పొలాసకు పేరుంది. రకాన్ని బట్టి గింజలో చేరే ఆర్సెనిక్ మారుతుందని తెలుసు కాబట్టి, కొత్త రకం వదిలేముందు దిగుబడి, పురుగుతో పాటు ఇదీ చూడటం కష్టమేమీ కాదు.

ఇది మరింత అవసరం కావడానికి కారణం ఎండలు. చైనా పొలాల్లో పదేళ్ళపాటు 28 రకాల వరి మీద వేడిని, గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కలిపి పెంచి చూస్తే గింజలో అకర్బన ఆర్సెనిక్ పెరిగిందని 2025లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. వేడి పెరిగితే బురదలోని సూక్ష్మజీవుల పనీ పెరుగుతుంది. యాసంగి ఎండల్లో నిలవ నీళ్ళలో పండే మన వరికి ఇది నేరుగా తగిలే మాట.

ఇప్పుడు కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి చూసేది తేమ 17 శాతం లోపుందా, తాలు ఎంత, మట్టి ఎంత అని. మిల్లు నుంచి గోదాముకు పోయే బియ్యంలో చూసేది నూక శాతం, రంగు మారిన గింజలు. ఆర్సెనిక్ కొలవడానికి ప్రయోగశాల యంత్రం కావాలి, ప్రతి బస్తాకూ ఆ ఖర్చు పెట్టడం అయ్యే పని కాదు, అవసరమూ లేదు. మండలానికి కొన్ని నమూనాలు, వానాకాలం ఒకసారి, యాసంగి ఒకసారి తీసి ఫలితాలు బయటపెడితే చాలు. మొదట చూడాల్సినవి రామగుండం, చెల్పూరు థర్మల్ కేంద్రాల బూడిద చెరువుల దిగువ పొలాలు. మన బొగ్గులో బూడిద 30 నుంచి 40 శాతం ఉంటుంది, బొగ్గులో ఉన్న కొద్దిపాటి ఆర్సెనిక్ కూడా కాలిన తర్వాత ఆ బూడిదలోనే చిక్కబడుతుంది. ఫ్యాక్టరీల వ్యర్థాలతో పటాన్‌చెరు నీళ్ళలో ఆర్సెనిక్ తేలిన అనుభవం ఈ రాష్ట్రానికి ఉంది. ఆ తర్వాత చూడాల్సినవి మూడొందల అరవై రోజులు బోరు నీళ్ళ మీదే నడిచే పొలాలు, ఆపైన ఉప్పుడు బియ్యం మిల్లుల నానుడు తొట్లలోని నీళ్ళు.